చేతికి తగిన బ్యాటు

పార కొనుటకు అంగడికి పోయిన రైతు ఏమి చేయునో మీరెఱుగుదురు. ఇనుమును వ్రేలితో మీటి చూచును. కామను చేతబట్టి ఒకసారి ఎత్తును, ఒకసారి దించును, నడుము వంచి మట్టి తీయుచున్నట్లు ఆడించి చూచును. కామ పొట్టిదైనచో నడుము నొచ్చును. మిక్కిలి పొడవైనచో పార అదుపున ఉండదు. అంగడివాడు "ఇది మేలైన సరకు, అందఱును దీనినే కొనుచున్నారు" అని ఎంత చెప్పినను, తన చేతికి అమరని పారను రైతు కొనడు. ఎద్దును కొనునపుడును అంతియే. పండ్లు చూచి, సుళ్ళు చూచి, కాడి కట్టి నాలుగడుగులు నడిపింపక రొక్కము లెక్కపెట్టడు. ఇంతటి వివేకము గల మనము పిల్లల ఆటకు ఒక కఱ్ఱ కొనవలసి వచ్చినపుడు మాత్రము ఆ వివేకమును ఇంటియొద్ద విడిచి అంగడికి పోవుచున్నాము. ఇతరులను ఎత్తిపొడుచుటకు ఈ మాట అనుటలేదు. ఆ పొరపాటు చేసినవాడను నేనే.

ఈ పూట నేను చెప్పదలచినది సాఫ్ట్‌బాలు అను ఆటను గూర్చి. అందులోను బంతిని మెల్లగా విసరి ఆడు స్లోపిచ్ పద్ధతికి బ్యాటును ఎట్లు ఎన్నుకొనవలెనను విషయమును గూర్చి. "ముసలివారమైన మాకు దీనితో నేమి పని?" అని మీరు అడుగవచ్చును. బ్యాటునకు డబ్బు పెట్టువారు మీరు. పిల్లవాడు ఆడవలెనా, మానవలెనా, ఆడపిల్ల మైదానమునకు పోవచ్చునా, పోరాదా అని ఇంటిలో తీర్పు చెప్పువారును మీరే. కావున ఈ మాటలు పిల్లలకంటె ముందుగా మీ చెవిని పడవలసినవి.

ఆట సంగతి క్లుప్తముగా చెప్పెదను. 1887వ సంవత్సరము నవంబరు నెలలో అమెరికాలోని చికాగో నగరమున, ఫారగట్ బోట్ క్లబ్బు అను సంఘమువారి భవనములో కొందఱు యువకులు కూడియుండిరి. అందొకడు వేడుకకు ఒక ముష్టియుద్ధపు చేతితొడుగును విసరెను. మఱియొకడు చేతికందిన కఱ్ఱతో దానిని కొట్టెను. జార్జి హాన్‌కాక్ అనునతడు ఆ తొడుగునే త్రాటితో బిగించి బంతిగా చేసి, చీపురుకఱ్ఱను బ్యాటుగా పెట్టి, నేలపై గీతలు గీసి ఆట నేర్పాటు చేసెను. సాఫ్ట్‌బాలు పుట్టుక ఇది. మొదటి బంతి మెత్తనిది గనుక పేరులో మెత్తదనము నిలిచిపోయినది గాని నేటి బంతి మెత్తనిది కాదు. పెద్దలు ఆడు బంతి చుట్టుకొలత 12 అంగుళములు; బరువు 180 గ్రాములకు అటునిటుగా నుండును. క్రికెట్టు బంతి 9 అంగుళముల చుట్టుకొలతయు 160 గ్రాముల బరువును గలది. సాఫ్ట్‌బాలు బంతి దానికంటె పెద్దది, బరువైనది.

ఈ ఆట ఒలింపిక్ క్రీడలలో 1996 మొదలు 2008 వరకును స్త్రీల ఆటగా సాగినది. తరువాత టోక్యో క్రీడలలో మరల చేరినది. మన దేశమున సాఫ్ట్‌బాలు సంఘము 1961లో ఏర్పడినది. పాఠశాలల పోటీలలోను ఈ ఆటకు స్థానము కలదు. అందుచేత నెల్లూరు జిల్లాలోని ఏ పల్లెనుండియైనను ఒక పిల్ల "తాతా, నాకు సాఫ్ట్‌బాలు బ్యాటు కావలెను" అని అడుగుట నేడు వింతగాదు.

ఈ ఆటలో రెండు పద్ధతులు కలవు. మొదటిది వేగవంతమైన విసరు. పాఠశాలల పోటీలలో ఆడునది ఇదియే. చేయి నడుముక్రిందుగా గిఱ్ఱున త్రిప్పి విసరిన బంతి అరక్షణములో కొట్టువానిని చేరును. రెండవది స్లోపిచ్. ఇందు విసరువాడు 50 అడుగుల దూరమునుండి బంతిని పైకి వంపుగా వదలవలెను. నియమము ప్రకారము ఆ వంపు ఎత్తునకు క్రిందిహద్దును, పైహద్దును కలవు. బంతి కొబ్బరిచెట్టునుండి జాఱినట్లు పైనుండి దిగును. అది చేరుటకు ఒక క్షణమునకు పైగా పట్టును. ఒక్కొక్క పక్షమున పదిమంది ఆడుదురు. స్త్రీపురుషులు కలిసి ఆడు జట్లు అనేకములు కలవు. అమెరికాలో 60, 70 ఏండ్లు దాటినవారికి ప్రత్యేకముగా పోటీలు జరుగుచున్నవి. క్రొత్తగా నేర్చుకొను పిల్లలకును, పరుగు తగ్గిన పెద్దలకును ఇది అనుకూలమైన ఆట.

ఇప్పుడు నా కథ వినుడు. మా మనుమరాలు ఎనిమిదవ తరగతి చదువుచుండగా ఈ ఆటపై మనసు పడెను. కోత ముగిసి పొలములు బయలుపడిన దినములవి. సాయంకాలము ఈడుపిల్లలందఱును చేరి, మొదట చేయి కుదురుటకు మెల్లవిసరుతో ఆడుచుండిరి. నేను ఆమెను సంతోషపెట్టదలచి, ఆమెతో చెప్పకయే నెల్లూరికి పోయి, అంగడిలో నున్న బ్యాట్లలో పొడవైనది, లావైనది, చూచుటకు గంభీరమైనది ఒకటి ఏఱి తెచ్చితిని. కొయ్యది. 34 అంగుళముల పొడవు. ఇంచుమించు కిలో బరువు. "గట్టి సరకు, పదేండ్లు మన్నును" అని ఇంటిలో గొప్పగా చెప్పుకొంటిని.

ఆమె మొదటి వారము ఉత్సాహముతో ఆడెను. రెండవ వారము మణికట్టు నొప్పి అనెను. మూడవ వారము బ్యాటు వడ్లగాదె మూలకు చేరెను. "ఆడపిల్లల ముచ్చట మూడునాళ్ళు" అని నేనంటిని. ఆ అమ్మాయి మాఱు పలుకలేదు. తరువాత ఒకనాటి సాయంకాలము కాలువగట్టున నడచి వచ్చుచు మైదానమువైపు చూచితిని. ఆమె ఎవరో పిల్లవాని తేలిక బ్యాటు పుచ్చుకొని ఆడుచుండెను. బంతి దిగి వచ్చుటయు, కఱ్ఱ విసురుగా తిరుగుటయు, బంతి గట్టు దాటి పడుటయు జరిగినది. ఇంటికి వచ్చిన పిదప అడిగితిని: "మన బ్యాటు ఉండగా ఎరవు బ్యాటు ఎందులకమ్మా?" "తాతా, మన బ్యాటు ఎత్తగలను గాని త్రిప్పలేను. మీరు ప్రేమతో తెచ్చితిరి గదా, బాగులేదని ఎట్లు చెప్పుదును?" అనెను. తప్పు పిల్లయందు లేదు, ఆటయందు లేదు. నేను తెచ్చిన కిలో కొయ్యయందు ఉన్నది. ఆనాడు కాలువగట్టున నేను నడువకున్నచో ఆ అమ్మాయికి ఆట రాదనియే జీవితాంతము నమ్మియుందును, ఆమెయు నమ్మియుండును.

నేను కొన్న బ్యాటు నియమమునకు విరుద్ధమైనది కాదు. పెద్దల సాఫ్ట్‌బాలు బ్యాటు 34 అంగుళములకంటె పొడవుండరాదు. లావైన చోట అడ్డుకొలత రెండుంబావు అంగుళములకు మించరాదు. బరువు 38 ఔన్సులకు, అనగా 1,077 గ్రాములకు, మించరాదు. నా బ్యాటు ఆ హద్దులకు లోబడినదే. నియమము ఒప్పుకొన్నంత మాత్రమున చేయి ఒప్పుకొనవలెనని లేదు. నియమము చెప్పునది ఎంతవరకు పోవచ్చునో. ఎంతవద్ద ఆగవలెనో చెప్పవలసినది కొట్టువాని చేయి.

బరువును గూర్చిన న్యాయము మీకు క్రొత్తది కాదు. బిళ్ళంగోడు ఆడని బాల్యము మనలో ఎవరిది? అప్పుడు కోడు ఎట్లు ఎన్నుకొంటిమి? బొత్తిగా తేలికదైనచో తగిలిన బిళ్ళ దూరము పోదు. మిక్కిలి బరువైనచో లేచిన బిళ్ళ నేల బడునంతలో కోడు దానిని అందుకొనదు. రెంటికిని నడుమనున్న కఱ్ఱను, ఎవరును చెప్పకయే, మన చేయియే ఏఱుకొన్నది. బ్యాటు శాస్త్రమంతయు ఇందే యున్నది. కదలుచున్న వస్తువు బరువు రెండింతలైనచో దాని శక్తి రెండింతలగును. వేగము రెండింతలైనచో శక్తి నాలుగింతలగును. అందుచేత బరువు పెంచి వేగము పోగొట్టుకొన్నవాడు వడ్లు అమ్మి ఊక కొన్నవానితో సమానుడు. అట్లని ఈతపుల్ల పుచ్చుకొని కొట్టినచో అదియు నిష్ఫలమే. వేగము తగ్గకుండ త్రిప్పగలిగినంత బరువే తగిన బరువు.

స్లోపిచ్ పద్ధతికి ఇందు ఒక విశేషము కలదు. వేగపు విసరులో బంతి తానే కొంత శక్తిని తెచ్చును. బ్యాటు తగిలించినంతనే అది ఎదురుపోవును. మెల్లవిసరులో బంతి గంటకు 40 కిలోమీటర్ల వేగముతో సోమరిగా దిగును. దూరము పోవలసిన శక్తియంతయు కొట్టువాడే ఇయ్యవలెను. మఱియొక వైపు, అతనికి వ్యవధి యున్నది. బంతిని చూచుచు కాచుకొనవచ్చును. కావున వేగపు ఆటలో వాడుదానికంటె ఇందు కొంచెము బరువైన బ్యాటు చెల్లును. కాని "కొంచెము" అను మాటను మఱువరాదు. సాధారణముగా స్లోపిచ్ బ్యాట్లు 25 మొదలు 30 ఔన్సుల వరకు నుండును. అనగా ఇంచుమించు 700 గ్రాములనుండి 850 గ్రాములు. ఎదిగిన పురుషులలో చాలమందికి 26 నుండి 28 ఔన్సులు సరిపోవును. నిత్యము బరువుపని చేయు బలిష్ఠుడు 29, 30 ఔన్సులు పట్టవచ్చును. స్త్రీలును, క్రొత్తవారును, వయసు మీఱినవారును 25, 26 వద్ద ఆగుట మేలు.

పెద్దల స్లోపిచ్ బ్యాట్లు ఇంచుమించు అన్నియు 34 అంగుళముల పొడవే యుండును. పిల్లలకు ఇవి పనికిరావు. పండ్రెండు, పదమూడేండ్ల పిల్లకు 30, 31 అంగుళముల పొడవును, 20, 21 ఔన్సుల బరువును గల బ్యాటు చాలును. ఇట్టి పొట్టి బ్యాట్లు వేగపు విసరు కొఱకు చేసినవే దొరకును. పిల్లలు వానితోనే మెల్లవిసరును ఆడుకొనవచ్చును. అంగడిలో కొన్ని బ్యాట్లపై ఔన్సులకు బదులు "10 తక్కువ", "6 తక్కువ" అను అర్థమిచ్చు అంకె యుండును. అంగుళముల అంకెలోనుండి ఆ అంకెను తీసివేయగా మిగిలినది ఔన్సుల బరువు. 31 అంగుళముల బ్యాటునకు 10 తక్కువ యనిన 21 ఔన్సులని తెలియవలెను.

బరువెంత యనుట చాలదు. ఆ బరువు ఎచ్చట నున్నదనుట కూడ చూడవలెను. గొడ్డలిని, రోకలిని తలచుకొనుడు. గొడ్డలి బరువంతయు కొనయందున్నది. దెబ్బ గట్టిగా పడును గాని మొదలుపెట్టిన దెబ్బను నడుమ మరలించుట కష్టము. రోకలి బరువు పొడవునను పరచుకొని యుండును. చేతికి లోబడి యుండును. బ్యాట్లలోను ఈ రెండు జాతులున్నవి. స్లోపిచ్ బ్యాట్లలో కొనబరువు గలవి విస్తారము. ఏలయన బలముగలవానికి అవి దూరపు దెబ్బ నిచ్చును. బలము చాలనివానికి అవే శత్రువులు. ఒకే పొడవు, ఒకే బరువు గల రెండు బ్యాట్లను ఒక్కొక్కదానిని వ్రేలిపై త్రాసుకోల వలె అడ్డముగా నిలిపి చూడుడు. ఏది లావుకొనకు చేరువగా నిలుచునో దానికి కొనబరువు హెచ్చు. క్రొత్తవాడు రోకలి జాతినే కొనవలెను. రెండు మూడేండ్లు ఆడి, దెబ్బ నిలుకడగా తగులుచున్నదని తోచినపుడు గొడ్డలి జాతిని కోరవచ్చును.

ఇక పరీక్షలు చెప్పెదను. ఇవి అంగడియందే, ఆడబోవువాని చేతనే చేయింపవలెను. బ్యాటును తెచ్చి ఆశ్చర్యపఱచుట వేడుకగానే యుండును గాని ఆ వేడుక విలువ ఎంతయో నేనెఱుగుదును.

మొదటిది పొడవు పరీక్ష. పిల్లను నిటారుగా నిలువబెట్టి బ్యాటు లావుకొనను కాలిప్రక్క నేలకు ఆనించవలెను. చేయి వ్రేలాడవిడిచినపుడు పిడిగుబ్బ అరచేతికి అందవలెను. మణికట్టు దాటి పైకి పోయినచో పొడవు హెచ్చు.

రెండవది బరువు పరీక్ష. పిడిని ఒంటిచేత బట్టి, చేతిని భుజముతో సమముగా ప్రక్కకు చాచి నిలుపవలెను. నెమ్మదిగా ముప్పదివఱకు లెక్కపెట్టుడు. అంతలో చేయి వణకినను, కొన క్రిందికి వ్రాలినను ఆ బ్యాటు ఆ చేతికి బరువు.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. బ్యాటును రెండు చేతులతో బట్టి వరుసగా ఇరువదిసార్లు గాలిలో విసరింపుడు. మొదటి విసరును అందఱును బాగుగనే విసరుదురు. మీరు చూడవలసినది ఇరువదవ విసరు. కొన వ్రాలుచున్నదా? మోచేయి దేహమును విడిచి దూరముగా పోవుచున్నదా? విసరిన పిదప కాలు తడబడుచున్నదా? ఇందేది కనబడినను ఒకటి రెండు ఔన్సులు తగ్గించి మరల చూడుడు. ఆట ఒక్క దెబ్బతో ముగియదు. పొద్దుగ్రుంకువేళ కొట్టు కడపటి దెబ్బకు పనికివచ్చునదే బ్యాటు. ఉదయమున మాత్రమే దున్ను ఎద్దును ఎవరు కొందురు?

నాలుగవది పిడి పరీక్ష. పట్టు వ్రేళ్ళమీద నుండవలెను గాని అరచేతి లోతులోనికి పోరాదు. రెండు చేతులును పట్టినపుడు పైచేతి నడిమి కణుపులును క్రిందిచేతి నడిమి కణుపులును ఇంచుమించు ఒక వరుసను నిలువవలెను. పిడి లావైనచో అట్లు నిలువవు, మణికట్టు తిరుగదు. మన సముద్రతీరమున మఱియొక చిక్కు కూడ కలదు. కోడూరు గాలి ఎంత చల్లగా వీచినను అందు తేమ హెచ్చు. అరచేయి క్షణములో చెమర్చును. చెమట చేతినుండి జాఱిన బ్యాటు బాణము వలె పోయి ఎదుటివానికి తగులును. కావున పిడికి చుట్టిన పట్టీ గరుకుగా నున్నదో లేదో, చివర గుబ్బ గట్టిగా నున్నదో లేదో తప్పక చూడవలెను. పట్టీ నునుపెక్కినచో బ్యాటును పాఱవేయనక్కఱలేదు. క్రొత్త పట్టీ చుట్టిన చాలును. దానికి అగు వ్యయము స్వల్పము.

ఐదవది శ్రుతి పరీక్ష. కుండ కొనునపుడు ఆడువారు వ్రేలి కణుపుతో తట్టి చూతురు గదా! బ్యాటును అట్లే పిడివద్ద తేలికగా పట్టి, వ్రేలాడదీసి, పొడవునను తట్టి చూడవలెను. బీటవారిన దానియందు బొంగురు ధ్వని వచ్చును. ఇట్లు తట్టుచు పోగా కొననుండి ఐదాఱు అంగుళముల ఇవతల ఒకచోట చేతికి అదరు మిక్కిలి తక్కువగా తోచును. బంతి తగులవలసిన చోటు అదియే. అక్కడ తగిలిన దెబ్బకు చేతులు జిల్లుమనవు. బంతియు దూరము పోవును. పిల్లలకు ఆ చోట సుద్దతో గుర్తు పెట్టి చూపినచో నేర్పు త్వరగా కుదురును.

బ్యాటును దేనితో చేయుదురను విషయము తరువాత వచ్చునది. కొయ్య, అల్యూమినియము, కర్బనపు పోగులను జిగురుతో కూర్చిన మిశ్రమ పదార్థము అని మూడు విధములు కలవు. కొయ్య బ్యాటు ధ్వని ఇంపుగా నుండును. బంతి వేగము మితముగా నుండును. విసరువానికి అపాయము తక్కువ. కాని పెళుసు. కొనునపుడు నారు పొడవునను తిన్నగా సాగినదానినే కొనవలెను. నారు అడ్డముగా తప్పుకొన్నచోట విఱుగును. అల్యూమినియపు బ్యాట్లు 1970 ప్రాంతమునుండి వ్యాపించినవి. లోపల బోలుగా నుండుటచేత తేలికగా చేయవచ్చును, బహుకాలము మన్నును, బడికిని, పల్లెకును ఇవియే తగినవి. మూడవ జాతి వెల మిక్కిలి హెచ్చు. అందు కొన్నిటి దెబ్బకు బంతి ఎంత వేగముగా పోవుననగా, 50 అడుగుల దూరమున నిలిచిన విసరువాడు తప్పుకొనుటకు వ్యవధి చాలదు. అందుచేతనే పోటీలు జరుపు సంఘములు బ్యాట్లను పరీక్షించి, ఒప్పుకొన్న వానిపై ముద్ర యుండవలెనని విధించినవి. పొలములో ఆడుకొను పిల్లలకు అంతటి వేగము అక్కఱలేదు. బంతి ఎంతదూరము పోయినదనుటకంటె పిల్లలందఱును కన్నులు, పండ్లు చెడకుండ ఇంటికి చేరుట ముఖ్యము.

"మన వడ్రంగిచేత చేయింపరాదా?" అని కొందఱు అడుగుదురు. అలవాటు కొఱకు చేయింపవచ్చును. తుమ్మ గట్టిదే గాని బండికిని నాగలికిని తగినంత బరువు. పిల్లల చేతికి తగదు. మన తీరమున సరుగుడు కావలసినంత యున్నది. అదియు బరువైనదే, పైగా ఆఱినకొలది నెఱియలు విచ్చును. నెఱియ విచ్చిన కొయ్య ఒక్క దెబ్బకు చీలి ఎగిరినచో ప్రమాదము. కావున వడ్రంగి చేసిన కఱ్ఱతో మెత్తని రబ్బరు బంతిని మాత్రమే కొట్టింపుడు. అసలు బంతికి అసలు బ్యాటునే వాడుడు. క్రికెట్టు బ్యాటు ఇంటిలో నున్నదని దానితోనే సరిపెట్టుటయు కూడదు. దాని చెక్క విలో అను మెత్తని కొయ్య. ఈ బరువైన బంతికి అంచులు చిట్లును.

అంగడిలో మఱియొక మోసము, మోసము కాకున్నను పొరపాటు, జరుగుట కలదు. సాఫ్ట్‌బాలు బ్యాటు అడిగినచో బేస్‌బాలు బ్యాటు చేతిలో పెట్టుదురు. రెండును గుండ్రనివే గనుక తెలియనివారికి భేదము తోపదు. బేస్‌బాలు బ్యాటు రెండున్నర అంగుళములు దాటి లావుండవచ్చును. సాఫ్ట్‌బాలునకు రెండుంబావే హద్దు. అట్టి లావు బ్యాటుతో పిల్ల పోటీకి పోయినచో తీర్పరి దానిని ప్రక్కన పెట్టించును. కావున ఒక దారమును, అంగుళముల బద్దను వెంటబెట్టుకొని పొండు. దారమును బ్యాటు లావుచోట చుట్టి కొలువుడు. చుట్టుకొలత ఏడు అంగుళములకు కొంచెము పైగా వచ్చినచో సరి. ఎనిమిదికి చేరువైనచో అది బేస్‌బాలుదే.

కొన్న పిదప కాపాడుటయు తెలియవలెను. కొయ్య బ్యాటును నేలపై పడవేయరాదు. మనకు అక్టోబరు మొదలు డిసెంబరు వఱకును వానలు హెచ్చు, నేల తేమను కొయ్య పీల్చి ఉబ్బి బరువెక్కును. గోడకు మేకు కొట్టి వ్రేలాడదీయుడు. లోహపు బ్యాటును మే నెల యెండలో విడిచినచో అరచేయి కాలును. పట్టీ జిగురు కరగును. సముద్రపు గాలిలో ఆడి వచ్చిన దినమున తడిగుడ్డతో ఉప్పు తుడిచి ఆఱబెట్టుడు. ఏ బ్యాటుతోను రాళ్ళను, కొబ్బరిపిందెలను కొట్టనీయకుడు. బీట కనబడిన బ్యాటును "ఇంకొక వారము నడచును" అని దాచుకొనక విఱిచివేయుడు. బీటలో చిక్కుకొన్న వ్రేలి చర్మమును, ఎగిరివచ్చు ముక్కను వైద్యుని వద్దకు తీసికొనిపోవుటకంటె అది చౌక.

ప్రతియింటను బ్యాటు కొనుట అందఱకును సాధ్యము గాదు. అక్కఱయు లేదు. ఒక వీథిపిల్లలకు మూడు బ్యాట్లున్న చాలును: చిన్నవారికి 20 ఔన్సులది ఒకటి, నడిమివారికి 24 ఔన్సులది ఒకటి, ఎదిగినవారికి 27 ఔన్సులది ఒకటి. నలుగురు పెద్దలు చేరి కొని బడికి ఇచ్చినచో ఆ మూడు బ్యాట్లతో ఊరిపిల్లలెందఱో ఆడుదురు. ఒక్కటే కొనగలిగినచో తేలికదానినే కొనుడు. తేలిక బ్యాటుతో బలవంతుడు కొంచెము తక్కువదూరము కొట్టును, అంతియే. బరువు బ్యాటుతో బలము చాలని పిల్ల ఆటయే మానును. నష్టములలో ఏది పెద్దదో మీరే తూచి చూడుడు.

మా యింటి కథ ముగింపు చెప్పి సెలవు తీసికొందును. మరల నెల్లూరికి పోతిమి. ఈసారి ఇద్దఱము పోతిమి. నేను అరుగుపై కూర్చుంటిని, ఆమె ఒక్కొక్క బ్యాటును ఎత్తి త్రిప్పి చూచెను. నా కన్నులకు నచ్చిన రెండింటిని ఆమె తిరిగి యిచ్చెను. కడకు 31 అంగుళముల పొడవు, 21 ఔన్సుల బరువు గల అల్యూమినియపు బ్యాటును ఇరువదిసార్లు విసరి, ఊపిరి తీసికొని, "ఇది నాది, తాతా" అనెను. అది నేను మొదట కొన్నదానికంటె సన్నగా, సాదాగా నుండెను. మాఱు పలుకక డబ్బిచ్చితిని. మణికట్టు నొప్పి మాట మరల వినబడలేదు. మొదటి బ్యాటును ఏమి చేసితిరని అడుగుదురేమో. కండగల మా పాలేరు కుమారుడు దానిని పుచ్చుకొనెను, వాని చేతికి అది చక్కగా అమరినది. చెడ్డ బ్యాటు కాదు. చేయి తప్పి వచ్చినది.

పెద్దలారా, మన పిల్లలు ఒక పనియందు వెనుకబడినపుడు, చదువుగాని, సేద్యముగాని, ఆటగాని, "వీనికి చేతకాదు" అని మనము తొందరపడి తీర్పు చెప్పుచుందుము. ఆ తీర్పునకు ముందు వాని చేతికి మనమిచ్చిన పనిముట్టును ఒకసారి మన చేతబట్టి చూతము. కోతలు ముగిసి కళ్ళములు ఊడ్చిన పిదప మన పొలములన్నియు మైదానములే. ఆ సాయంకాలములందు మీ పిల్లలు బ్యాటు అడిగినచో వారిని వెంటబెట్టుకొని అంగడికి పొండు. వారినే ఎత్తి చూడనిండు, వారినే త్రిప్పి చూడనిండు. ఓపిక గలవారు మీరును ఒక తేలిక బ్యాటును పట్టి చూడుడు. బంతి మెల్లగనే వచ్చును.